ఆఖరి డేట్ ఎప్పుడమ్మా? హార్మోన్ల తేడాని ఇంట్లోనే కనిపెట్టడం ఎలా

పాలకొల్లులో ఒక ల్యాబులో 18 ఏళ్లు రక్తం తీశాను. హార్మోన్ టెస్టని వచ్చిన ప్రతి ఆడమనిషినీ సూది గుచ్చే ముందు అడిగే మాట ఒకటే: "ఆఖరి డేట్ ఎప్పుడమ్మా?"

"అట్లతద్దికి తలకి పోసుకున్నానండి" అని ఒకరు. "వినాయక చవితికి పూజలో కూర్చున్నాను, అంటే ఆ తర్వాతేనండి" అని ఇంకొకరు. పక్కనున్న అత్తగారు ఊరుకోరు కదా. "ఏం కాదు, మీ మేనత్తగారి గృహప్రవేశానికి నువ్వు బయటున్నావని నన్నొక్కదాన్నే పంపలేదూ" అని సరిదిద్దుతారు. ముగ్గురం కలిసి వేళ్ల మీద లెక్కపెట్టి ఓ తేదీ ఖాయం చేసేవాళ్లం. అదే కాగితం మీద పడేది, దాన్ని చూసి డాక్టరు మందు రాసేవారు. ఆ లెక్క మీద నాకెప్పుడూ నమ్మకం లేదు.

హార్మోన్ల మాటెత్తగానే అందరూ తిండి, యోగా, టెన్షన్ అంటారు. నేను గోడ మీద క్యాలెండర్ అంటాను. నేను డాక్టర్ని కాదు, మందులు చెప్పను. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మీ చేతిలో ఏముండాలి, వెళ్లాక ఏమడగాలి, ఎక్కడ డబ్బు దండగ అవుతుంది, అంతవరకు చెబుతాను.

అసలిది ఎలా పనిచేస్తుంది

హార్మోన్ అంటే ఒక గ్రంథి రక్తంలోకి వదిలే కబురు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ, మెడలో థైరాయిడ్, కిడ్నీల మీద అడ్రినల్, పొట్టలో ఇన్సులిన్ తయారుచేసే క్లోమం, పొత్తికడుపులో అండాశయాలు. ఇవి చాలావరకు ఒకదాని కబురు మీద ఒకటి నడుస్తాయి.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు తగ్గిస్తే ముందు ఎండేది శివారు చేను. ఆ రైతు తన బోదె పూడిపోయిందేమోనని పార పట్టుకుని తవ్వుతూ ఉంటాడు. తేడా మాత్రం ఎక్కడో పై లాకు దగ్గర ఉంటుంది. నెలసరి కూడా శివారు చేనే. థైరాయిడ్ తగ్గినా, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ పెరిగినా, ఇన్సులిన్ గాడి తప్పినా, తిండి మానేసి ఒళ్లు పీక్కుపోయినా ముందు తెలిసేది అక్కడే. అందుకే డేట్ అటూ ఇటూ కాగానే "గర్భసంచిలో ఏదో ఉంది" అని తీర్మానించేయకండి.

మొదటి పని: రాయడం

వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది కదా. పాలు రాని రోజు సున్నా చుడతాం, గ్యాస్ బండ మార్చిన రోజు రాస్తాం. ఆ గడుల్లోనే ఇదీ రాయండి. మామగారు చూస్తారని మొహమాటమైతే చిన్న చుక్క పెట్టండి, పాల లెక్కనుకుంటారు. ఫోన్లో యాప్ వాడేవాళ్లు అదైనా సరే.

ఏం రాయాలంటే, ఎర్రగా బాగా కనిపించిన మొదటి రోజు తేదీ. అంతకుముందు రెండు రోజులు మరకలా కనిపించింది లెక్కలోకి రాదు. ఆ తేదీయే "ఒకటో రోజు". ఆ నెల ఎన్ని రోజులు అయింది, ఎక్కువగా ఉన్న రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారు, నొప్పికి మాత్ర వేసుకున్నారా, మధ్యలో ఎప్పుడైనా చుక్క కనిపించిందా. నెలకోసారి బరువు. ఇంతే. మూడు నెలలు రాస్తే చాలు, మీ ఒంటి తీరు మీకే తెలుస్తుంది.

లెక్క ఒకటో రోజు నుంచి మళ్లీ ఒకటో రోజు దాకా. పెద్దవాళ్లకి 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతైనా మామూలే. "నాకు 28కి రావట్లేదండి" అని కంగారుపడి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. 33 రోజులకి వచ్చేవాళ్లకి ఎప్పుడూ 33కే వస్తుంటే అదే వాళ్ల లెక్క. పెద్దమనిషై మూడేళ్లు నిండని పిల్లలకి 45 రోజుల దాకా కూడా తప్పు పట్టక్కర్లేదు. మొదటి ఏడాదైతే ఇంకా కుదురుకోదు.

ఇవి కనిపిస్తే మాత్రం మూడు నెలలు రాసేదాకా ఆగకండి: గర్భం కాదని తెలిసీ 90 రోజులు దాటినా రాకపోవడం, గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు మూడు గంటలు అలాగే ఉండటం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, 8 రోజులు దాటినా ఆగకపోవడం, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించడం, 15 ఏళ్లు నిండినా పిల్ల పెద్దమనిషి కాకపోవడం, 40 లోపే ఆగిపోవడం.

రెండో పని: ఒంటిని చూసుకోవడం

మా వైపు ఆడవాళ్లకి ఏం జరిగినా ఒకటే పేరు, "వేడి చేసింది". జుట్టు రాలితే వేడి, మొటిమలకి వేడి, తెల్లబట్టకి వేడి, డేట్ ముందొచ్చినా వేడే. సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు. తాగితే నష్టం లేదు గానీ, ఆ పేరు కింద అసలు సంగతి మూడేళ్లు దాగిపోతుంది.

ఒకసారి ఓ తల్లి 15 ఏళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల మెడ వెనక నల్లటి పట్టీ వేసినట్టు ఉంది. మురికి అనుకుని ఆవిడ ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దుతోందట, చర్మం కంది ఎర్రబడి పొలుసు లేచింది. చుట్టాలేమో గిల్టు గొలుసు వేసుకోవడం వల్లన్నారట. అది మురికీ కాదు, గొలుసూ కాదు. ఒంట్లో ఇన్సులిన్ అవసరానికి మించి తిరుగుతుంటే మెడ మడతల్లో, చంకల్లో చర్మం అలా దళసరెక్కి నల్లబడుతుంది. ఆ ఎక్కువ ఇన్సులినే అండాశయాల చేత మగ హార్మోన్ ఎక్కువ తయారుచేయిస్తుంది. దాంతో అండం విడుదల కాదు, డేట్ రాదు, గడ్డం మీద ముతక వెంట్రుకలొస్తాయి. మెడ, గడ్డం, క్యాలెండర్, మూడూ ఒక కథే చెబుతున్నాయన్నమాట. దాన్నే పీసీఓఎస్ అంటున్నారు, మనవాళ్ల నోట్లో పీసీఓడీ.

థైరాయిడ్ తక్కువైతే తీరు వేరు. తిండి పెరక్కపోయినా ఒళ్లు చేస్తుంది, మలబద్ధకం, గొంతు బొంగురు, అందరూ ఉక్కపోతంటుంటే మీరు దుప్పటి కప్పుకోవడం, బ్లీడింగ్ ఎక్కువ. అదే ఎక్కువైతే గుండె దడ, చేతులు వణుకు, బాగా తింటున్నా చిక్కిపోవడం, నెలసరి కొంచెంగానే అవడం. బిడ్డకి పాలివ్వని రోజుల్లో రొమ్ము నుంచి పాలలాంటిది వస్తుంటే ప్రొలాక్టిన్ చూడాలి. నీరసం ఒక్కటే ఉంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువే. హార్మోన్లని తిట్టుకునే ముందు ఆ చవకైన టెస్టు చేయించుకోండి.

ఇంకొకటి. కీళ్లనొప్పులకి ఊళ్లో ఆరెంపీ పొట్లం కట్టి ఇచ్చే పేరు లేని మాత్రలు, ముఖం తెల్లబడటానికి షాపులో ఇచ్చే క్రీములు. వీటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బీపీ, షుగర్ పెరుగుతాయి, డేట్లు తప్పుతాయి. వాడుతున్నవాళ్లు ఇది చదివి ఇవాళే మానేయకండి. బయటి స్టెరాయిడ్‌కి అలవాటుపడ్డ అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ఆ పొట్లం పట్టుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించండి, మెల్లగా తగ్గిస్తారు.

మూడో పని: టెస్టులు, రోజు చూసుకుని

మొదటి టెస్టు ల్యాబులో కాదు, ఇంట్లోనే. మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్. "నాకు ఆపరేషన్ అయిపోయిందండి" అంటారు. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఎక్కువగా ట్యూబెక్టమీయే. అది అరుదుగా విఫలమవుతుంది, అప్పుడు గర్భం ట్యూబులోనే నిలిచే అవకాశం ఎక్కువ, అది ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి డేట్ తప్పితే అందరూ స్ట్రిప్ పెట్టుకోవాల్సిందే. అన్నట్టు, ట్యూబెక్టమీ వల్ల హార్మోన్లు పోవు. అండాశయాల్ని ముట్టుకోరు, ట్యూబులకి ముడి వేస్తారంతే. ఆపరేషన్ వల్లే ఒళ్లు చేసిందనే మాట ప్రతి వీధిలోనూ వింటాం. ఆ వయసులో థైరాయిడ్ చూపించుకోవడం మేలు.

తర్వాత గైనిక్ డాక్టర్ని కలవండి. దగ్గర్లో పీహెచ్‌సీ ఉంటే అక్కడ మొదలుపెట్టినా సరే. క్యాలెండర్ కాగితాలు బల్ల మీద పెట్టండి. వాళ్లు రాసే టెస్టుల్లో ఏది ఏ రోజు ఇవ్వాలో ఇక్కడ చెబుతాను, ఎందుకంటే ఈ ముక్క చెప్పేంత తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు.

థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ టెస్టుకి రోజుతో పని లేదు, ఏ రోజైనా ఇవ్వొచ్చు. అండాశయాల పనితీరు చూసే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ రాస్తే నెలసరి రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు ఇవ్వాలి. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టిరాన్ రాస్తే వచ్చే డేట్‌కి సుమారు వారం ముందు. అందరికీ "21వ రోజు" అని చెప్పేస్తుంటారు గానీ అది 28 రోజుల వాళ్లకి. మీది 35 రోజులైతే మీ రోజు 28. క్యాలెండర్ లేకపోతే ఈ లెక్క ఎవరూ వేయలేరు. అండాల నిల్వ చూసే ఏఎమ్‌హెచ్ ఎప్పుడైనా సరే. గర్భం రాకుండా మాత్రలు వాడుతుంటే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) అంకెల్ని నమ్మలేం, ఆ సంగతి ముందే చెప్పాలి.

ప్రొలాక్టిన్ గురించి ఒక్క నిమిషం. అది నిద్రలో పెరుగుతుంది, కంగారుకి పెరుగుతుంది. నిద్రలేచి రెండు మూడు గంటలయ్యాక, ల్యాబులో కాసేపు కూర్చుని సేదతీరాక ఇవ్వండి. భీమవరం వైపు రొయ్యల షెడ్డుల్లో నైట్ డ్యూటీ చేసి తిన్నగా ల్యాబుకొచ్చి చేయి చాపేవాళ్లు ఉంటారు. వాళ్లు ఆ మాట చెప్పాలి. ఇంకా ముఖ్యం, గ్యాస్ మాత్ర. మనింట్లో గ్యాస్ మాత్ర వేసుకోనివాళ్లెవరు? వాటిలో చాలావాటికి డోంపెరిడోన్ అనే మందు కలిపి ఉంటుంది, అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆ రిపోర్టు చూసి మెదడుకి స్కానింగ్ అంటారేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. షీటు వెనక పేరు చదివి డాక్టరుకి చెప్పండి. అవసరమైతే ఆపించి మళ్లీ చేయిస్తారు.

జుట్టుకని బయోటిన్ బిళ్లలు వాడేవాళ్లు థైరాయిడ్ టెస్టుకి రెండు రోజుల ముందే మానేయాలి. కొన్ని మిషన్ల మీద బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ తగ్గి జుట్టు రాలుతుంటే, ఆ జుట్టు కోసం వేసుకున్న బిళ్ల థైరాయిడ్ సంగతినే దాచేస్తుందన్నమాట.

టీఎస్‌హెచ్ రిపోర్టు చదవడంలో అందరూ తడబడతారు. పని జరక్కపోతే మేస్త్రీ గొంతు పెరుగుతుంది కదా. టీఎస్‌హెచ్ ఆ మేస్త్రీ గొంతు. అది పెరిగిందంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని. పక్కన రాసే నార్మల్ చాలా ల్యాబుల్లో 0.4 నుంచి 4.5 ప్రాంతంలో ఉంటుంది. ఆరో ఏడో వచ్చి, మిగతావి బాగుండి, మీరు గర్భిణి కాకపోతే ఎక్కువమంది డాక్టర్లు రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దామంటారు. అది నిర్లక్ష్యం కాదు. కొందరికి అదంతటదే దిగుతుంది.

పీసీఓఎస్‌కి స్కానింగ్ ఒక్కటే సరిపోదు. డేట్లు తప్పడం, మగ హార్మోన్ గుర్తులు, స్కానులో అండాశయం తీరు, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. పెద్దవాళ్లకి స్కాను బదులు ఏఎమ్‌హెచ్ చూసినా సరేనని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. పెద్దమనిషై 8 ఏళ్లు నిండని పిల్లలకి స్కానులో "నీటి బుడగలు" కనిపించడం మామూలు. అవి బుడగలు కావు, ఎదగాల్సిన అండాల గూళ్లు. ఆ ఒక్క కాగితం పట్టుకుని పిల్లకి పెళ్లవుతుందా, పిల్లలు పుడతారా అని ఏడ్చిన తల్లుల్ని చూశాను. నిర్ధారణైతే చక్కెర కూడా చూపించుకోవాలి. పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి ఇంకోసారి ఇచ్చే టెస్టు అన్నిటికంటే నికరం. మూడు నెలలకోసారైనా నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమైపోతుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే అది క్యాన్సర్‌కి దారితీయొచ్చు. డాక్టరు డేట్ రావడానికి మాత్రలు రాసేది అందుకే. "అలవాటైపోతాయి" అని మధ్యలో మానేయకండి.

15 టెస్టులు కలిపి "లేడీస్ హార్మోన్ ప్యాకేజీ" అని అమ్ముతుంటారు. అందులో సగం మీకు అక్కర్లేదు, మిగతా సగానికి మీరొచ్చిన రోజు కుదరదు. ఇన్నేళ్లు ల్యాబులో జీతం తీసుకుని ఈ మాటంటున్నాను.

నాలుగో పని: మాత్ర సరిగ్గా వేసుకోవడం

నాకూ థైరాయిడ్ ఉంది. మొదటి రెండేళ్లు పొద్దున్నే లేచి ఫిల్టర్ కాఫీతో మాత్ర మింగేదాన్ని. టీఎస్‌హెచ్ దిగదు, డాక్టరు డోసు పెంచుతారు, మళ్లీ దిగదు. ల్యాబులో పనిచేసే మనిషిని, నాకే తట్టలేదు. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ తాగాలి. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర దీనికి నాలుగు గంటలు దూరంగా ఉండాలి, లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు. తెల్లారి నాలుగింటికే లేచి క్యారేజీలు కట్టేవాళ్లకి ఇదంతా కుదరకపోతే, భోంచేసి మూడు గంటలయ్యాక రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకి మళ్లీ టెస్టు. పది రోజులకే చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చేయండి, చాలామందికి డోసు పెంచాల్సి ఉంటుంది.

థైరాయిడ్ ఉందని క్యాబేజీ మానేశానంటారు. ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు. ఉప్పు మాత్రం చూసుకోండి. ఆవకాయకి గళ్లుప్పు వాడతాం, అది వేరు. రోజూ వంటకి అయోడిన్ ఉప్పే వాడండి, మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టండి.

ఐదో పని: కంచం

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ రకాన్ని విడుదల చేసింది, ఎంటీయూ 7029. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు 235 రకాల బియ్యాన్ని పరీక్షించి చూస్తే, రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచేవాటిలో మన స్వర్ణ ఉంది. మనమేం చేస్తాం? స్వర్ణ పండించి మిల్లుకి తోలేసి, ఇంట్లోకి మల్లెపువ్వులా తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం తెచ్చుకుంటాం. రకం ఏదైనా, కంచం నిండా అన్నం పెట్టుకుని మధ్యలో గుంట చేసి పప్పు పోసుకుంటే ఇన్సులిన్‌కి ఊపిరాడదు.

అన్నం మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. ఓ గరిటె తగ్గించండి, ఆ చోటులో కూర పెట్టండి. ముందు కూర, పప్పు, చేపముక్క తిని తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. పూతరేకులు పండక్కి తినండి. రోజుకి నాలుగు టీల్లో వేసుకునే పంచదార కలిపితే ఓ పూతరేకు కంటే ఎక్కువే. భోంచేయగానే నడుం వాల్చకుండా పావుగంట కాలువ గట్టు మీద నడవండి, కాటన్ దొర పుణ్యమా అని గట్లకి కొదవ లేదు. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువున్నవాళ్లు ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి డేట్లు దారిలో పడతాయి. 70 కిలోలున్న మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. సన్నగా ఉన్నవాళ్లకి కూడా పీసీఓఎస్ వస్తుంది, వాళ్లని పస్తులుండమనకండి.

డేట్ వాయిదా మాత్ర

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు, పెళ్లి, వ్రతం, 2027లో పుష్కరాలు. మందుల షాపుకి పిల్లాణ్ని పంపి "డేట్ ఆపే మాత్ర" తెప్పించుకోవడం మనకి మామూలైపోయింది. అది నోరెథిస్టిరాన్ అనే హార్మోన్. ఒకసారి డాక్టర్ని అడిగి వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. కానీ వాయిదాకి వేసుకునే మోతాదులో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు వేసుకోకూడదు. వేసుకున్నాక ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర ఆపిన రెండు మూడు రోజులకి వచ్చేది మామూలు డేట్ కాదు, క్యాలెండర్లో పక్కన "మా" అని రాసుకోండి. ప్రతి పండక్కీ వేసుకునేవాళ్లు ఉన్నారు, తర్వాత డేట్లు ఎందుకు తప్పాయో వాళ్లకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఒక శనివారం వదిలేసి ఇంకో శనివారం కలుపుకుంటే వెంకన్న కాదంటాడా?

గర్భసంచి తీసేయమన్నప్పుడు

దీని దగ్గర కాస్త ఆగుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రలో సుమారు 9 శాతం. మన గర్భసంచులకేం శాపం లేదు. "పిల్లలు పుట్టేశారు, ఇంకా అదెందుకు, తీయించేస్తే పీడ పోతుంది" అనే మాట మనింట్లోనే పుడుతుంది. "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్న భయం దానికి తోడు. అనవసరంగా తీసే ఆపరేషన్లని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది కూడా.

తీయాల్సిన సందర్భాలు లేకపోలేదు. కానీ ఒప్పుకునే ముందు నోరు తెరిచి నాలుగు మాటలు అడగండి. ఎందుకు తీయాలి? గడ్డ ఉంటే ఎన్ని సెంటీమీటర్లు, ఎక్కడ? లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపారా? బ్లీడింగ్ తగ్గించే మాత్రలు, హార్మోన్ లూపు వాడి చూడొచ్చా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? ఈ చివరి ప్రశ్న అడగడం చాలామందికి తెలియదు. 45 లోపు రెండు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన మనిషైపోతారు. ఒళ్లంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. వేరే అడ్డంకి లేకపోతే అలాంటివాళ్లకి మామూలుగా ముట్లుడిగే వయసు దాకా బయటి నుంచి హార్మోన్ ఇవ్వడం మంచిది. ఇవ్వాలన్న సంగతే ఎవరూ చెప్పరు. అనుమానముంటే రిపోర్టులన్నీ పట్టుకుని కాకినాడ గానీ రాజమండ్రి గానీ ఏలూరు గానీ పెద్దాసుపత్రి ఓపీలో రెండో మాట అడగండి. బస్సు ఛార్జీలతో పోయేది.

ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్లు బీరువాలోంచి డిశ్చార్జి కాగితం తీయండి. దాంట్లో టీఏహెచ్ అని మాత్రమే ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారు. పక్కన బీఎస్ఓ అని కూడా ఉంటే రెండు అండాశయాలూ ట్యూబులూ పోయాయి. మా ల్యాబుకి నడుంనొప్పి, కీళ్లనొప్పులని వచ్చిన 38 ఏళ్ల మనిషి ఆ కాగితాన్ని మడతపెట్టి పసుపు డబ్బా కింద దాచుకుంది, తొమ్మిదేళ్లలో ఎవరూ చదివి చెప్పలేదు. ఆ మూడు అక్షరాలే ఆవిడ నొప్పులకి మూలం అయుండొచ్చని ఆ రోజు డాక్టరు చెబితే, "అండాలు కూడా తీశారాండీ?" అని చాలాసేపు కాగితం కేసే చూసింది.

ముట్లుడిగాక కూడా రాయడం ఆపకండి

మన దేశంలో ముట్లుడిగేది 46, 47 ఏళ్ల ప్రాంతంలో. అంతకుముందు రెండు మూడేళ్లు డేట్లు చిందరవందరగా ఉంటాయి. ఒకసారి నలభై రోజులకి, ఒకసారి ఇరవైకి. ఫ్యాను ఐదు మీద తిరుగుతున్నా నడిరాత్రి ఛాతీ నుంచి మెడ దాకా సెగ పుట్టి జాకెట్టు తడిసిపోతుంది. చీటికీమాటికీ కోపం. ఇంట్లోవాళ్లు "అమ్మకి ఈమధ్య చిరాకెక్కువైంది" అంటారు. భరించలేనంత ఉంటే 60 లోపువాళ్లకి, ముట్లుడిగి పదేళ్లు దాటనివాళ్లకి హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది. ఎవరికి పడుతుందో ఎవరికి పడదో డాక్టరు చూసి చెప్పాలి. మూత్రంలో మంట మాటిమాటికీ వస్తుంటే, భర్తతో కలిసినప్పుడు నొప్పిగా ఉంటే దానికి పైపూత క్రీము ఉంది. సిగ్గుపడి జీవితమంతా యాంటీబయాటిక్స్ మింగక్కర్లేదు.

ఎముకల బలం ముట్లుడిగిన తొలి ఐదారేళ్లలోనే ఎక్కువ జారిపోతుంది. ఈ వయసుకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ లెక్క. పెరుగు, రాగిజావ, మునగాకు, ముళ్లతో సహా నమిలి తినే నెత్తళ్లు. పెద్దమనిషైనప్పుడు మన చేత బలవంతాన తినిపించిన నువ్వుల చిమ్మిలి ఇప్పుడూ తినండి, బెల్లం తగ్గించి.

ఆఖరిసారి వచ్చిన తేదీకి సున్నా చుట్టండి. అక్కడి నుంచి వరసగా 12 నెలలు ఏమీ కనిపించకపోతే ముట్లుడిగినట్టు లెక్క. ఆ తర్వాత ఎప్పుడైనా, ఏడాదికైనా పదేళ్లకైనా, ఒక్క చుక్క కనిపించినా "మళ్లీ మొదలైంది కాబోలు" అనుకోవద్దు. ఆ వారంలోనే గైనిక్ డాక్టర్ని కలవండి, గర్భసంచి పొరకి స్కానింగ్, అవసరమైతే బయాప్సీ చేస్తారు. చాలాసార్లు చిన్న కారణమే అవుతుంది, కానీ క్యాన్సర్ కాదని తేల్చుకున్నాకే ఊపిరి పీల్చుకోవాలి. ఆ చుక్క కనిపించిన తేదీ కూడా క్యాలెండర్లో రాసి, ఆ కాగితం చింపి సంచిలో పెట్టుకుని వెళ్లండి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న అదే.